ఎగువ డెలావేర్ మీద మేఫ్లై హ్యాచ్: వేళ తెలియనప్పుడు ట్రౌట్ పట్టడం ఎలా

న్యూయార్క్ రాష్ట్రంలోని హాంకాక్ చుట్టుపక్కల ఏ ఫ్లై షాపులో (ఫ్లై అంటే పురుగులా కట్టిన ఎర) అడిగినా మీ చేతిలో ఒక హ్యాచ్ చార్టు పెడతారు. మేఫ్లై అనే పురుగులు నదిలోంచి గుంపుగా పైకి లేవడమే హ్యాచ్, ట్రౌట్ చేపలు వాటిని తినడానికి పైకొచ్చే వేళ అదే. ఏప్రిల్ చివర్లో హెండ్రిక్సన్, మే నడుమ సల్ఫర్, మే ఆఖరుకు గ్రీన్ డ్రేక్ అని చార్టులో మేఫ్లై జాతులు వరసగా ఉంటాయి. అది చూసుకుని శుక్రవారం సెలవు పెట్టి, ఎడిసన్ నుంచి రెండున్నర గంటలు కారు నడుపుకొచ్చి, ఒక్క చేప కూడా తల ఎత్తని నీళ్ళలో సాయంత్రం దాకా నిలబడి తిరిగి వెళ్ళేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. చార్టులో తప్పేమీ లేదు. అది వారం చెబుతుంది, మనకు కావలసింది గంట.

ఆ గంటను వెతుక్కోవడం ఎలా, దొరికాక చెడగొట్టుకోకుండా ఉండడం ఎలా అన్నదే ఇక్కడ చెబుతున్నాను. ముప్పై అడుగుల దూరం ఫ్లై లైన్ తిన్నగా విసరడం మీకు వచ్చనే లెక్క. రాకపోతే ముందు ఇంటి వెనక గడ్డిలో సాధన చేయండి. హ్యాచ్ నడుస్తుండగా కాస్టింగ్ నేర్చుకోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు.

ముందు ఈ నది తత్వం తెలుసుకోండి

వెస్ట్ బ్రాంచ్, ఈస్ట్ బ్రాంచ్ అనే రెండు పాయలు హాంకాక్ దగ్గర కలిసి డెలావేర్ నది అవుతాయి. రెండు పాయల మీదా న్యూయార్క్ నగరానికి తాగునీరిచ్చే జలాశయాలున్నాయి. ఈస్ట్ బ్రాంచ్ మీద పెపాక్టన్, వెస్ట్ బ్రాంచ్ మీద 1964లో పూర్తయిన కానన్స్‌విల్. మనకు ముఖ్యమైనది రెండోది. ఆ ఆనకట్ట అడుగు నుంచి వదిలే నీళ్ళు నడివేసవిలో కూడా కాళ్ళు తిమ్మిరెక్కేంత చల్లగా ఉంటాయి. ఇక్కడ బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ అడవి చేపలుగా పెరగడానికి కారణం ఆ చలువే.

అయితే ఎన్ని నీళ్ళు వదలాలన్నది వాన ఒక్కదాని చేతిలో లేదు. నాలుగు రాష్ట్రాలకూ న్యూయార్క్ నగరానికీ మధ్య నీటి తగవును తేలుస్తూ అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఒక డిక్రీ ఇచ్చింది. దాన్ని అమలు చేయడానికి రివర్ మాస్టర్ అనే పదవే ఉంది. దిగువన మాంటేగ్ దగ్గర నదిలో 1,750 క్యూసెక్కులు పారుతూ ఉండాలన్నది ఆ లెక్కలో కీలకమైన అంకె. (శ్రీశైలం, సాగర్ వార్తల్లో మనం రోజూ వినే క్యూసెక్కే ఇది. ఇంగ్లిషు వెబ్‌సైట్లలో సీఎఫ్ఎస్ అని రాస్తారు.) దిగువన వానలు లేక నది సన్నబడితే ఎగువన జలాశయం నుంచి నీళ్ళు వదులుతారు. దీనివల్ల కొత్తవాళ్ళను తికమకపెట్టే విచిత్రం ఒకటి జరుగుతుంది. వారం రోజులు ఎండ కాసి చినుకైనా పడకపోతే వెస్ట్ బ్రాంచ్‌లో నీళ్ళు తగ్గుతాయనుకుంటాం. ఒక్కోసారి పెరుగుతాయి. పెరగడమే కాదు, ఇంకా చల్లబడతాయి. నిన్న మధ్యాహ్నం రెండింటికి లేచిన పురుగు ఇవాళ నాలుగింటికి లేస్తుంది, లేదా అసలు లేవదు.

వసంతంలో ఇంకో చిక్కు. జలాశయం నిండి పైనుంచి పొర్లుతుంటే ఎండకు కాస్త వేడెక్కిన పైనీళ్ళు కూడా కలుస్తాయి. పొర్లడం ఆగిన రోజున అడుగు నీళ్ళే మిగులుతాయి. కాబట్టి వెళ్ళబోయే రోజున నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోకుండా చార్టును నమ్మడం దండగ.

పురుగు కథ, అవసరమైనంత మేరకు

తొలకరి పడ్డ సాయంత్రం మన ఊళ్ళలో దీపాల చుట్టూ ఉసిళ్ళు లేవడం గుర్తుందా? హ్యాచ్ అంటే దాదాపు అదే. ఇవాళ లేస్తాయని ముందుగా ఎవరూ చెప్పలేరు. లేచాక మాత్రం బల్లుల నుంచి కోళ్ళ దాకా అందరికీ కబురు అందుతుంది. ఉసిళ్ళు మట్టిలోంచి వస్తాయి, మేఫ్లైలు నది అడుగు నుంచి వస్తాయి.

చాలా జాతుల్లో మేఫ్లై పిల్ల దాదాపు ఏడాది పాటు రాళ్ళ కింద బతుకుతుంది. అదే నింఫ్. సమయం వచ్చినప్పుడు పైకి ఈదుకొచ్చి, నీటి పైపొరకు అతుక్కుని, వీపు చిట్లించుకుని బయటపడుతుంది. ఆ పెనుగులాటలో ఉన్నది ఎమర్జర్. బయటపడి రెక్కలు నిలబెట్టుకుని చిన్న తెరచాపతో తేలుతూ పోయేది డన్. అది ఎగిరి చెట్ల మీదికి పోయి ఇంకోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలు వచ్చాక మళ్ళీ కుబుసం విడిచే పురుగులు లోకంలో మేఫ్లైలు తప్ప వేరే లేవు. అప్పుడది గాజు రెక్కల స్పిన్నర్ అవుతుంది. జతకట్టి, గుడ్లు పెట్టి, రెక్కలు చాపుకుని నీటి మీద పడి చస్తుంది. రెక్కలొచ్చాక ఏమీ తినదు, తినడానికి పనికొచ్చే నోరే ఉండదు.

ఈ నాలుగు దశలూ కంఠతా పట్టండి. పురుగు పేర్లు మెల్లగా వస్తాయి. ఏ జాతి లేచిందో తెలిసి ఏ దశను చేప తింటోందో తెలియనివాడు ఖాళీగా ఇంటికి వెళ్తాడు. పేరు తెలియకపోయినా దశ పట్టుకున్నవాడికి చేప దొరుకుతుంది. ఎమర్జర్ అంటే ట్రౌట్‌కు ఎందుకంత ఇష్టమో ఆలోచిస్తే తేలికగా అర్థమవుతుంది. డన్ ఏ క్షణానైనా ఎగిరిపోవచ్చు, సగం తొడుగులో ఇరుక్కున్నది ఎక్కడికీ పోలేదు.

ఇంట్లో ఉండగానే చేయాల్సినవి

బయల్దేరే ముందు రోజు రాత్రి అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) నీటి కొలతల పేజీలు చూడండి. ఆనకట్ట కింద స్టైల్స్‌విల్, దాని దిగువన హేల్ ఎడ్డీ, రెండు పాయలు కలిశాక లార్డ్‌విల్. ప్రవాహం ఎంతన్నది ఒక్కసారి చూసి ఊరుకోవద్దు, గత నాలుగైదు రోజుల గీత ఎటు పోతోందో చూడండి. నిలకడగా ఉన్న నది మీద నిన్నటి వేళ ఇవాళ్టికీ పనికొస్తుంది. గీత నిట్టనిలువుగా లేచిందంటే నిన్నటి కబుర్లు మరిచిపోవచ్చు.

కాలినడకన దిగేవాళ్ళకు నా కొలత ఇది: హేల్ ఎడ్డీ దగ్గర 600 క్యూసెక్కుల లోపు ఉంటే హాయిగా తిరగవచ్చు. 1,000 దాటితే అంచులకే పరిమితం కావాలి. 1,500 దాటితే ఆ రోజు పడవ ఉన్నవాళ్ళది. ఎత్తు, బరువు, వయసు బట్టి మీ కొలత ఇంకా తక్కువ కావచ్చు.

తర్వాత ఉష్ణోగ్రత. హెండ్రిక్సన్ విషయంలో నీళ్ళు 50 నుంచి 55 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 10 నుంచి 13 సెల్సియస్ చేరే వేళ కోసం చూడండి. ఏప్రిల్ ఆఖరున మామూలుగా అది మధ్యాహ్నం అవుతుంది. రాత్రి బాగా చలి వేసి ఉంటే ఇంకా ఆలస్యం. ఇదే సూత్రం స్థలానికీ వర్తిస్తుంది. ఆనకట్టకు దూరమయ్యే కొద్దీ నీళ్ళు వేడెక్కుతాయి గనుక వసంతంలో హ్యాచ్ దిగువన మొదలై రోజురోజుకూ ఎగువకు జరుగుతుంది. దిగువ నదిలో హెండ్రిక్సన్ అయిపోయిందని విని నిరాశపడనక్కర్లేదు, ఎగువ వెస్ట్ బ్రాంచ్‌లో అప్పుడే మొదలవుతూ ఉండవచ్చు. సల్ఫర్లయితే ఆనకట్ట కింద చల్లని నీళ్ళలో జులై దాటాక కూడా లేస్తూనే ఉంటాయి.

ఆకాశం సంగతికి వస్తే, మనవాళ్ళు ఎండ కాసే శనివారం చూసుకుని వెళ్తారు. ముసురు పట్టిన రోజు వెళ్ళండి. చలి, సన్నటి చినుకు ఉంటే డన్ రెక్కలు త్వరగా ఆరవు, నీటి మీద ఎక్కువసేపు తేలుతుంది, చేపకు తీరిగ్గా దొరుకుతుంది. బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న మేఫ్లైకి మబ్బు రోజంటే పండగే. గాలి మాత్రం శత్రువు. గట్టిగా వీస్తే సాయంత్రం స్పిన్నర్లు నీటి మీదికి రావు.

లైసెన్సు గురించి ఒక మాట. ఎగువ వెస్ట్ బ్రాంచ్ మొత్తం న్యూయార్క్‌లో ఉంది, అక్కడ న్యూయార్క్ లైసెన్సు కావాలి. కిందికి వచ్చాక నదే న్యూయార్క్‌కూ పెన్సిల్వేనియాకూ సరిహద్దు. ఆ భాగంలో రెండు రాష్ట్రాల్లో దేనిదైనా చెల్లుతుంది. చేపను ఉంచుకోవచ్చా, ఏ కాలంలో, ఎక్కడ కృత్రిమ ఎర మాత్రమే వాడాలి అన్నవి భాగానికో రకంగా ఉంటాయి కాబట్టి ఆ ఏటి నిబంధనలు న్యూయార్క్ పర్యావరణ శాఖ (డీఈసీ), పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ సైట్లలో చదువుకోండి. న్యూయార్క్ వైపు ఒడ్డున చేపల వేటకు హక్కున్న చోట్ల పసుపు బోర్డులుంటాయి. అవి లేని పొలాల్లోంచి నడిచి వెళ్ళవద్దు.

సామాను

తొమ్మిది అడుగుల 5 వెయిట్ రాడ్, తేలే లైన్, 12 అడుగుల లీడర్ (లైన్ చివర కట్టే, కొసకు సన్నబడే దారం), దాని చివర మూడు నాలుగు అడుగుల 5ఎక్స్ టిప్పెట్ (ఫ్లై కట్టే అతి సన్నని దారం, ఎక్స్ అంకె పెరిగితే ఇంకా సన్నన). చిన్న ఆలివ్‌లకు 6ఎక్స్. పోలరైజ్డ్ కళ్ళద్దాలు, థర్మామీటర్, వేడర్లకు (నీళ్ళు చొరని పొడవాటి లాగు) బిగించే బెల్టు, చేతికర్ర. బెల్టూ కర్రా బరువని కారులో వదిలేయకండి. ఈ నీటి చల్లదనంలో పడితే ఈత వచ్చినవాళ్ళకు కూడా ఊపిరి అందదు.

ఫ్లై డబ్బా దగ్గర డబ్బు తగలేసేవాళ్ళే ఎక్కువ. జాతికొకటి చొప్పున కొనకుండా దశకొకటి చొప్పున సర్దుకోండి. నింఫ్ అంటే ఫెసెంట్ టెయిల్ చాలు, 14 నుంచి 18 నంబరు కొక్కేల మీద. (నంబరు పెరిగితే కొక్కెం చిన్నది.) ఎమర్జర్‌కు వెనక తొడుగు వేలాడుతున్నట్టు కట్టిన స్పార్కల్ డన్, ఇంకా సీడీసీ అనే బాతు ఈకతో కట్టినవి. డన్‌కు జింక వెంట్రుకల రెక్క విసనకర్రలా విప్పుకున్న కంపారాడన్. దాన్ని 1970లలో జనంలోకి తెచ్చిన ఇద్దరిలో ఒకరైన అల్ కౌచీకి ఈ నదితోనే ఏళ్ళ తరబడి అనుబంధం. ఇక్కడి నున్నటి మడుగుల్లో అది ఇంత బాగా పనిచేయడం కాకతాళీయం కాదు. స్పిన్నర్‌కు రస్టీ స్పిన్నర్ ఒక్కటీ సరిపోతుంది.

రంగులు మూడు: హెండ్రిక్సన్‌కు గులాబీ ఛాయ కలిసిన గోధుమ రంగు, 14 నంబరు, సల్ఫర్‌కు నారింజ కలిసిన పసుపు, 16, 18, ఆలివ్‌కు ఆకుపచ్చ కలిసిన బూడిద, 18 నుంచి 22. గ్రీన్ డ్రేక్ కోసం 8, 10 నంబర్లలో రెండో మూడో పెట్టుకోండి. ఆ పెద్ద పురుగు కోసం జనం విరగబడతారు గానీ, అది వచ్చే కొద్ది రోజుల్లో నది మీద మనుషుల సంఖ్య చేపలను మించిపోతుందని నా ఫిర్యాదు.

హెండ్రిక్సన్ పేరు పురుగుది కూడా కాదు, మనిషిది. పక్క లోయలోని బీవర్‌కిల్ నది మీద 1916లో రాయ్ స్టీన్‌రాడ్ ఈ ఫ్లై కట్టి తన స్నేహితుడు ఏ.ఈ. హెండ్రిక్సన్ పేరు పెట్టాడు. ఫ్లైకి పెట్టిన పేరు తర్వాత పురుగుకు అంటుకుంది.

నది చేరాక, లైన్ విప్పకముందు

రాడ్ జోడించండి, టిప్పెట్ కట్టండి, ఫ్లై మాత్రం కట్టకండి. కట్టారంటే చేయి ఊరుకోదు. కనీసం పావుగంట ఒడ్డున ఉండి ఈ పనులు చేయండి.

థర్మామీటర్ నీళ్ళలో ముంచి అంకె రాసుకోండి. గంట తర్వాత మళ్ళీ చూడాలి, పెరుగుతోందా ఆగిందా అన్నదే అసలు కబురు.

గలగలా పారే చోట లోతు తక్కువ నీళ్ళలో నాలుగైదు రాళ్ళు తిప్పి చూడండి. నింఫ్‌ల వీపు మీద రెక్కలు ముడుచుకున్న చిన్న తొడుగులుంటాయి. అవి లేత గోధుమ రంగులో ఉంటే ఇంకా టైముంది. నల్లగా, ఉబ్బెత్తుగా ఉంటే ఆ పురుగు ఇవాళో రేపో లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఏ చార్టూ చెప్పలేని సంగతి ఇది. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయండి.

వంతెన కమ్మీల మీద సాలెగూళ్ళు చూడండి. నిన్న రాత్రి ఏం ఎగిరిందో అందులో చిక్కుకుని ఉంటుంది. స్పిన్నర్లు కనిపిస్తే ఈ సాయంత్రం కూడా పడే అవకాశం ఉంది. పైకి చూడండి. వానకోయిలలు నది మీద కిందికీ పైకీ తిరుగుతుంటే ఎక్కడో పురుగు లేవడం మొదలైంది, అవి ఎటు గుమిగూడితే అటు నడవండి.

ఇదంతా చేసినా ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు రెండు దారులు. ఫెసెంట్ టెయిల్ కట్టి గలగల పారే చోట అడుగున దొర్లిస్తూ వేళ గడపవచ్చు. లేకపోతే మంచి మడుగు తోక (దిగువ కొస) దగ్గర కూర్చుని భోజనం చేయవచ్చు. నేను రెండోదాన్నే సమర్థిస్తాను. నింఫ్ వేసుకుంటూ అర మైలు పోయినవాడికి హ్యాచ్ మొదలయ్యేసరికి మంచి చోటు ఉండదు. పైగా కూర్చున్నవాడికి మొదటి రైజ్, అంటే చేప నీటి పైకి లేవడం, కనిపిస్తుంది. పులిహోర డబ్బా తెచ్చుకోండి, చేతులు మాత్రం బాగా కడుక్కోండి, నూనె అంటిన ఫ్లై తేలే తీరు మారిపోతుంది.

మొదలైంది

నీటి మీద చిన్న తెరచాపలు కనిపించగానే గుండె వేగం పెరుగుతుంది. ఇక్కడే నిదానించాలి. ఫ్లై ఎంచుకునే ముందు రెండు సంగతులు చూడండి.

ఒకటి, కళ్ళతో ఒకే ఒక డన్‌ను పట్టుకుని ఇరవై అడుగులు వెంబడించండి. చేప లేస్తున్న చోటు మీదుగా అది పోతున్నప్పుడు ఏమవుతుంది? చేప మింగిందా, వదిలేసిందా? అలా నాలుగు డన్‌లను చూడండి. అన్నీ క్షేమంగా దాటిపోతూ, వాటి పక్కనే చేప లేస్తూ ఉంటే అది తింటున్నది డన్ కానే కాదు. నది నిండా హెండ్రిక్సన్లు తేలుతుంటే అదే కట్టి గంటసేపు విసిరేవాళ్ళందరూ ఈ రెండు నిమిషాల పని చేయనివాళ్ళే.

రెండు, చేప లేచిన తీరు. ముక్కు బయటికి వచ్చి, ఉంగరం ఏర్పడి, మధ్యలో గాలిబుడగ మిగిలితే పైనున్నదాన్ని మింగింది. అది డన్ కావచ్చు, స్పిన్నర్ కావచ్చు. ముక్కు కనిపించకుండా వీపు రెక్క, తోక మాత్రమే మెల్లగా తిరిగి మునిగితే పైపొర కిందనే ఎమర్జర్లను ఏరుకుంటోంది. నీళ్ళు ఎగజిమ్మితే పారిపోయేదాన్ని తరిమింది, చాలాసార్లు అది క్యాడిస్ అనే వేరే పురుగు.

ఇంకో మోసం ఉంది. పెద్ద పురుగు కళ్ళకు కనిపిస్తుంది, దాని మధ్యలో చిన్నది కనిపించదు. హెండ్రిక్సన్ రోజుల్లోనే బ్లూ క్విల్ అనే 18 నంబరు పురుగు కూడా లేస్తుంది, ఆలివ్‌లూ ఉంటాయి. చేప ఆ చిన్నదానికే అలవాటు పడి పెద్దదాన్ని ముట్టకపోవచ్చు. అక్వేరియంలో వాడే చిన్న జాలి వల జేబులో పెట్టుకుని, మోకాలి లోతులో నిలబడి నిమిషం సేపు నీటి పైపొరకు అడ్డంగా పట్టండి. అందులో ఏవి ఎక్కువ పడ్డాయో, తొడుగుతో ఉన్నాయో లేకుండా ఉన్నాయో తెలిసిపోతుంది. తేల్చుకోలేకపోతే ఎమర్జర్ కట్టండి. నా లెక్కలో సందేహం వచ్చిన ప్రతిసారీ జవాబు ఎమర్జరే.

ఒక్క చేపను ఎంచుకోండి

పది చేపలు లేస్తుంటే పదింటి మీదా విసరాలనిపిస్తుంది. ఒకదాన్ని ఎంచుకోండి. వరసగా, లయగా లేస్తున్నదాన్ని చూసుకోండి. ఒకసారి లేచి ఐదు నిమిషాలు మాయమయ్యేది తిరుగుబోతు, దాని వెంట పడవద్దు.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలి. నున్నటి మడుగుల్లో చేపకు ఎగువగా, పక్కకు జరిగి, ముప్పై నలభై అడుగుల దూరంలో నిలబడి, ఏటవాలుగా దిగువకు వేయడమే ఇక్కడి పద్ధతి. ఎందుకంటే అలా వేస్తే చేపకు ముందు ఫ్లై కనిపిస్తుంది, దారం తర్వాత వస్తుంది. దిగువ నుంచి ఎగువకు వేస్తే చేప తల మీదుగా లైన్ పడుతుంది, ఆ నీళ్ళలో ఇక కథ ముగిసినట్టే. అక్కడికి చేరడానికి మాత్రం కొంగ జపం చేసినట్టు కదలాలి. మీ మోకాళ్ళ ముందు నుంచి అల బయల్దేరిందంటే ఆగి, అది చచ్చేదాకా నిలబడండి. నీడ చేప మీద పడకూడదు.

వేసే తీరు ఇది. మామూలుగా ముందుకు విసిరి, లైన్ ఇంకా గాలిలో ఉండగానే రాడ్‌ను ఎగువ వైపుకు చాచి పడుకోబెట్టండి. దీన్ని రీచ్ కాస్ట్ అంటారు. అప్పుడు లైన్ ఫ్లైకి ఎగువగా పడుతుంది, ప్రవాహం దాన్ని లాగడానికి కాస్త సమయం పడుతుంది. ఫ్లై చేపకు మూడు నాలుగు అడుగుల ఎగువన పడాలి. పడ్డాక రాడ్ కొనను మెల్లగా చేపవైపు దించుతూ, అవసరమైతే అటూ ఇటూ ఆడిస్తూ ఇంకొంచెం లైన్ వదలండి. ఫ్లై తన చుట్టూ ఉన్న నురుగుతో సమానంగా కదలాలి. నురుగు కన్నా వేగంగా గానీ ఆలస్యంగా గానీ పోయిందంటే డ్రాగ్ పడింది. అది మీ కంటికి కనిపించేసరికి చేపకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

ఫ్లై నీటితో తేలుతూ పోవడమే డ్రిఫ్ట్, అది పొడవుగా ఉండాలన్న మోజు వద్దు. నాలుగు అడుగులు శుభ్రంగా పోతే చాలు. చేప తీసుకోకుండా ఫ్లై దాటిపోతే వెంటనే పెరికి మళ్ళీ వేయకండి. లైన్ చేపకు దూరంగా పక్కకు కొట్టుకుపోయేదాకా ఆగి, అప్పుడు ఎత్తండి.

చేప లయ చూసి వేయండి. అది ప్రతి పది సెకన్లకు లేస్తుంటే, లేచిన వెంటనే వేసిన ఫ్లై నోరు మూసుకున్న చేప మీదుగా పోతుంది. తర్వాతి వంతుకు చేరేలా వేయాలి. ఎంత మంచి ఫ్లై అయినా తప్పు సెకనులో వస్తే పనికిరాదు. ఫ్లైలు మార్చేవాళ్ళు ఈ లెక్క ఎందుకు వేయరో నాకెప్పటికీ అర్థం కాదు.

తీసుకున్నాక గుంజకండి. చేప మీవైపు ముఖం పెట్టి ఉంది, నోరు తెరిచే ఉంది. వెంటనే లాగితే ఫ్లై తిన్నగా బయటికి వచ్చేస్తుంది. అది నోరు మూసి తల కిందికి తిప్పే దాకా, అరక్షణం ఆగి, రాడ్ మెల్లగా ఎత్తితే చాలు.

వద్దంటే ఏం మార్చాలి

వరస ముఖ్యం. ముందు నిలబడిన చోటు మార్చండి, రెండడుగులు ఎగువకో దిగువకో. చాలాసార్లు అంతే కావాలి. తర్వాత టిప్పెట్ ఒక అడుగు పొడిగించండి. ఆ తర్వాత దశ: డన్ వేస్తుంటే ఎమర్జర్, ఎమర్జర్ వేస్తుంటే ఇంకా కిందికి కూర్చునేది. ఆపైన ఒక నంబరు చిన్నది. రంగు అన్నిటికన్నా చివర. జనం దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు, రంగుతో మొదలుపెట్టి డబ్బా అంతా తిరగేసి, అడుగు మాత్రం కదపరు.

చేప దగ్గరికి వచ్చి చూసి వెనక్కి మళ్ళితే అది మంచి కబురే. ఫ్లై దాదాపు సరిపోయింది, డ్రిఫ్ట్ చివర్లో ఎక్కడో చిన్న లాగుడు ఉంది. దానికి రెండు మూడు నిమిషాల విశ్రాంతి ఇచ్చి మళ్ళీ వేయండి. ఆ ఖాళీలో ఫ్లైని ఆరబెట్టండి. జింక వెంట్రుకల వాటికి, తేలడానికి, జెల్ రాయవచ్చు. సీడీసీకి జెల్ తగిలితే ఈక అతుక్కుపోయి పాడవుతుంది, దానికి తేమ పీల్చే పొడే వాడాలి.

హ్యాచ్ రాకపోతే

నాలుగింటికి నీటి ఉష్ణోగ్రత ఆగిపోయి, ఇంకా ఏమీ లేవకపోతే కారెక్కండి. వసంతంలో చల్లని నీళ్ళు అడ్డమైతే దిగువకు, లార్డ్‌విల్ వైపు. జూన్, జులైల్లో వేడి అడ్డమైతే ఎగువకు, ఆనకట్ట వైపు. ఐదారు మైళ్ళలో రెండు మూడు డిగ్రీల తేడా ఉంటుంది, పురుగుకు అది చాలు.

గాలి తగ్గి పొద్దుగూకుతుంటే మాత్రం ఎక్కడున్నా ఉండండి. గలగల పారే నీళ్ళ పైన గాలిలో కిందికీ పైకీ ఊగుతూ స్పిన్నర్ల గుంపు కనిపిస్తే, కాసేపట్లో అవి నీటి మీద పడతాయి. అప్పుడు చేపలు లేచే చప్పుడు కూడా ఉండదు. మడుగు తోక దగ్గర, అంచున, నీళ్ళు నిలిచినట్టున్న చోట చిన్న చిన్న ఉంగరాలు మాత్రమే కనిపిస్తాయి. రోజంతటిలోకీ పెద్ద చేపలు దొరికే వేళ ఇదే కావచ్చు. వెలుతురుండగానే రస్టీ స్పిన్నర్ కట్టి పెట్టుకోండి, చీకట్లో 18 నంబరు కొక్కెం కంటిలోంచి దారం ఎక్కించడం నరకం. ఒడ్డుకు వచ్చే దారి కూడా ముందే చూసుకోండి.

పట్టాక

కొక్కెం ముల్లును ముందే పటకారుతో నొక్కేసి ఉంచండి. చేపను తొందరగా దగ్గరికి తెచ్చి, రబ్బరు వలలో నీళ్ళలోనే ఉంచి, తడి చేత్తో కొక్కెం తీయండి. ఫోటో కావాలంటే అంతా సిద్ధం చేసుకుని రెండు మూడు సెకన్లు ఎత్తండి. ఎగువకు తల పెట్టి పట్టుకుంటే అదే తేరుకుని వెళ్తుంది. మన గోదావరి గట్ల మీద పట్టిన చేప సాయంత్రానికి పులుసవుతుంది, ఇక్కడ మాత్రం అడవి ట్రౌట్‌ను వదిలేయడమే ఆనవాయితీ, కొన్ని భాగాల్లో చట్టం కూడా. మా ఇంట్లో దీన్ని ఇప్పటికీ ఒప్పుకోరు.

నీళ్ళు 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ చేరితే రాడ్ మడిచేయండి. ఆ వేడిలో చల్లనీళ్ళ చేప అయిన ట్రౌట్ పోరాడి వదిలించుకున్నా తర్వాత చచ్చిపోవచ్చు. జులైలో దిగువ నదిలో ఇది తరచూ జరిగేదే.

ఈ నదిలో డిడిమో అనే జిగురు నాచు ఉంది. బూట్లకు, వేడర్ల మడతలకు అంటుకుని ఇంకో నదికి చేరుతుంది. వచ్చే వారం బీవర్‌కిల్‌కో, న్యూజెర్సీలో మీ ఇంటి దగ్గరి వాగుకో వెళ్ళేట్టయితే బూట్లు వేడి సబ్బునీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే వేసుకోండి. మందపాటి ఫెల్ట్ అడుగులున్నవి లోపల ఆరడానికి చాలా రోజులు పడుతుంది, అందుకే రబ్బరు అడుగులకు మేకులు కొట్టినవి కొనడం మేలు.